కారు మరగడం ఒక వరం

పద్నాలుగేళ్లుగా నన్నొక సందేహం వదలడం లేదు. గుళ్లో ప్రదక్షిణం చేస్తున్నా అదే, దుకాణంలో పటానికి మేకు కొడుతున్నా అదే. కారు ఇంజను వేడెక్కడం జబ్బా, వరమా?

జబ్బేనని మీరంతా అంటారు. మీ కార్లు చల్లగా ఉంటాయి కనుక మీకు అట్లా అనిపిస్తుంది. పద్నాలుగేళ్లు ఆవిరి పీల్చినవాడిని, నా మాట వినండి. గృహస్థుడికి దేవుడు ఇవ్వగల మేళ్లలో మరిగే కారు ఒకటి! చల్లటి కారున్నవాళ్లు పక్కనుంచి సాఫీగా దాటిపోతుంటే నాకు జాలేస్తుంది. పాపం, ఏమీ చూడకుండా ఇల్లు చేరుతున్నారు.

నేనేమీ ఇంజనీరును కాను. పదో తరగతి చదివాను. అబిడ్స్‌లో పటాలు కట్టే దుకాణం నడుపుతాను. ఎక్కువగా దేవుళ్ల పటాలు, అప్పుడప్పుడు పెళ్లి ఫొటోలు. ఇల్లు నాంపల్లిలో. ఇంటి నుంచి దుకాణానికి ఒకటిన్నర కిలోమీటరు. నడిస్తే ఇరవై నిమిషాలు. కారులో ముప్పావు గంట. అందులో పావుగంట ప్రయాణం, అరగంట బానెట్ ఎత్తుకుని నిలబడడం.

కారు ఏ కంపెనీదో చెప్పను. వాళ్లు మంచిగానే చేసి పంపారు. ఆ తర్వాత జరిగినదానికి వాళ్లేం చేస్తారు?

ఇంత మంచి విషయం ఊరందరికీ చెప్పగలను గానీ, మా ఆవిడ విద్యావతికి చెప్పలేకపోయాను. పోయిన నెల వాళ్లన్న కూతురు దివ్యశ్రీ పెళ్లి. లక్డీకాపూల్ దగ్గర ఫంక్షన్ హాలు. మేము చేరేసరికి తలంబ్రాలయిపోయి, చివరి బంతివాళ్లు పెరుగన్నంలో ఉన్నారు. దారిలో కారు మరిగి, విద్యావతి కంచిపట్టు చీర మీద రేడియేటర్‌లోని కూలెంట్ పడి, అంచు నుంచి మోకాలి దాకా పచ్చగా ఒక చెరువు ఏర్పడింది. నేను ఓదార్చబోయాను.

"అంచు కూడా పచ్చదే కదా, కలిసిపోయింది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

బుధవారం పొద్దున చాయ్ నా ముందు పెట్టి చెప్పింది. "ఆదివారం పాత ఇనుము బబ్లూను రమ్మన్న. కారు అమ్మేస్తున్నం. మీరు మధ్యల మాట్లాడొద్దు."

"నాలుగు రోజులు టైమియ్యి. కారు తరఫున వాదిస్తా."

"వాదించుకోండి. పద్నాలుగేండ్ల సంది ఆవిరి వినలేదా, ఇది గూడ వింట."

అప్పుడు ఆమె ముందు పెట్టిన వాదనలే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. మీరే న్యాయం చెప్పండి.

మీరు అద్దాలెత్తుకుని అబిడ్స్ దాటిపోతారు. మీతో ఎవరైనా మాట్లాడతారా? అదే నేను జనరల్ పోస్టాఫీసు ముందు బానెట్ ఎత్తితే చాలు, రెండు నిమిషాల్లో పదిమంది చుట్టాలు! పిలుపుల్లేవు, కార్డుల్లేవు.

"థర్మోస్టాట్ పోయింది సాబ్," అంటాడు ఫుట్‌పాత్ మీద చొక్కాలమ్మే అతను, చేతిలో చొక్కా మడత పెడుతూనే. "మా బామ్మర్ది బండికి గిట్లనే అయింది."

"ఏం బండి?"

"స్కూటీ."

నిమ్మరసం బండి అతనిది వేరే లెక్క. "వేడి చేసింది సాబ్. సబ్జా గింజలు పడాలె."

"రేడియేటర్లోనా?"

"మీరు తాగున్రి. మీరు చల్లబడితే బండి ఫికర్ ఉండదు."

తాగాను. నిజంగానే ఫికర్ తగ్గింది. ఏ సర్వీస్ సెంటరులో దొరుకుతుందండీ ఇట్లాంటి వైద్యం?

ఒకసారి ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "బండి పక్కకు తియ్! జామైతుంది!" అన్నవాడే, ఆవిరి చూసి మెత్తబడ్డాడు. "హెడ్ గాస్కెట్ అనుకుంట. పొగ తెల్లగొస్తుందా, నీలంగొస్తుందా?" అని అడిగి, వెనక నలభై బండ్లు హారన్ కొడుతుంటే పొగ రంగు మీద పది నిమిషాలు నాతో చర్చ చేశాడు. ఒక పోలీసతను నా అభిప్రాయం అడగడం జీవితంలో అదే మొదలు. అదే ఆఖరు కూడా.

ఆదివారం పాత పుస్తకాలు పరిచే అతను నాకొక రిపేరు పుస్తకం అమ్మాడు. ఇంటికి తెచ్చి విప్పితే ట్రాక్టర్ది. మళ్లీ పోయి అడిగితే, "ఇంజను ఇంజనే కద సాబ్! దాన్ల రెండు పేజీలు తక్కువ చదువున్రి," అన్నాడు. ఇప్పుడు నాకు నాగలి తగిలించడం కూడా వచ్చు.

ఇక ఆధ్యాత్మికం సంగతి. వేడి చూపే ముల్లు పైకెక్కితే ఇంజను వేడిని లోపలికి గుంజడానికి హీటర్ ఫుల్లుగా పెట్టమని మెకానిక్ యూసుఫ్ భాయ్ చెప్పాడు. అది నిజంగా పని చేస్తుంది. కాబట్టి మే నెలలో, నలభై రెండు డిగ్రీల ఎండలో, నేను హీటర్ వేసుకుని తిరుగుతాను. పూర్వం మునులు అయిదు అగ్నుల మధ్య తపస్సు చేసేవారని వింటాం. అందుకోసం అడవికి పోయేవారట! నాకు నాంపల్లి స్టేషన్ సిగ్నల్ దగ్గరే అయిపోతుంది. పైన సూర్యుడు, ముందు ఇంజను, కాళ్ల దగ్గర హీటరు, పక్కన సిటీ బస్సు సైలెన్సరు. నాలుగే అయ్యాయంటారా? అయిదోది నా పక్క సీట్లో కూర్చుని నన్నే చూస్తూ ఉంటుంది.

ఆ మాటకొస్తే, కాపురాలు నిలబెట్టడంలో వేడెక్కిన ఇంజనును మించినది లేదు. ఇంట్లో విద్యావతి వంటింట్లో, నేను పూజగదిలో. ఎవరి లోకం వారిది. ఇంజను చల్లారడానికి అరగంట పడుతుంది. రోడ్డు పక్కన ఇద్దరం రాయి మీద కూర్చుని ఏం చేస్తాం? మాట్లాడుకుంటాం! మా ఇంటికి రంగు వేయించాలన్నా, మా చెల్లెలికి సంబంధం ఖాయం చేయాలన్నా, చిట్టీ పాడాలన్నా, అన్నీ బానెట్ ముందే తీర్మానాలు. నుమాయిష్ రోజుల్లో ఎగ్జిబిషన్ గ్రౌండ్ గేటు దాకా పోయి మూడేళ్లు వరసగా లోపలికి పోలేదు. గేటు బయట కూర్చుని మిర్చిబజ్జీలు తిని, ఇంజను చల్లారాక తిరిగొచ్చాం. ఎంత డబ్బు మిగిలిందో చూడండి.

భద్రత సంగతి చెప్పకపోతే కారుకు అన్యాయం చేసినవాణ్నవుతాను. ఒకసారి గౌలిగూడలో తాళం కారులోనే మరిచి దిగితే, ఎవరో దొంగ నా కారు ఎత్తుకుపోయాడు. పాపం, కోఠి దాకా పోగలిగాడు. మేము వెతుక్కుంటూ వెళ్లేసరికి కారు రోడ్డు పక్కన పద్ధతిగా నిలబెట్టి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. చక్రం కింద రాయి పెట్టి ఉంది. పక్కన రెండు ఖాళీ నీళ్ల సీసాలు. తాళం సీటు మీద వదిలి పోయాడు. మీ కారు పోతే ఏ దొంగైనా ఇంత సేవ చేస్తాడా?

ఇవన్నీ బుధవారం నుంచి శనివారం రాత్రి దాకా విద్యావతికి విన్నవించాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింది.

"అయిపోయినయా?"

"ఇంకొకటి ఉంది. నాకు విజ్ఞానం పెరిగింది."

అది మాత్రం హాస్యం కాదు. ఇంజను వేడెక్కితే కారణం ఎట్లా వెతకాలో ఈ పద్నాలుగేళ్లలో నేను నేర్చినంత ఎవరూ నేర్వలేదు. యూసుఫ్ భాయ్ షెడ్డు మా ఇంటికి రెండు గల్లీల అవతల. పెద్ద డాక్టరులాగా అడుగుతాడు.

"నిలబడ్డప్పుడు ఎక్కుతదా సాబ్, నడిచేటప్పుడు ఎక్కుతదా?"

"రెండు పూటలా."

నిలబడ్డప్పుడే ఎక్కితే ఫ్యాన్ని అనుమానించాలి. నీళ్లు తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది. నీళ్లు తగ్గకుండా వేడెక్కితే లోపల తిరగడం లేదు. యూసుఫ్ భాయ్ ఒక్కొక్కటే పట్టుకొచ్చాడు. ఒక ఏడు థర్మోస్టాట్ మార్చాడు. ఒక ఏడు నీళ్ల పంపు. తర్వాత పైపులు, మూత. రేడియేటర్ లోపల మందు పోసి కడిగాడు. ఇంకొకరికి చూపిద్దామని సురేందర్ అనే మెకానిక్ దగ్గరికి పోతే, అతను ఫ్యాను, దాని స్విచ్చి మార్చాడు. హెడ్ గాస్కెట్ కూడా విప్పి కొత్తది వేశాడు.

చివరికి యూసుఫ్ భాయ్ చేతులు తుడుచుకుని అన్నాడు. "అన్నీ సహీ ఉన్నయ్ సాబ్. వేడి ఒక్కటే గలత్."

చూశారా! కారులో అన్నీ కొత్తవే. వేడి ఒక్కటే పాతది. అంత నమ్మకంగా నాతో ఉన్నదాన్ని అమ్మేయమంటే మనసొప్పుతుందా?

ఆమెకు ఒప్పింది. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి బబ్లూ వచ్చాడు.

నలభై ఏళ్ల మనిషి. చెవి మీద పెన్సిలు, చేతిలో స్పానర్లు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరును కాలితో తన్నాడు. డోరు తీసి వేశాడు. నేను గడపలో నిలబడి ఆంజనేయ దండకం చదువుకుంటున్నాను. విద్యావతి మెట్ల మీద కూర్చుని చూస్తోంది. నా కారుకు అవే ఆఖరి ఘడియలనుకున్నాను.

బబ్లూ బానెట్ ఎత్తాడు. మనమంతా పక్కన నిలబడి ఆవిరిని చూస్తాం. అతను అట్లా నిలబడలేదు. ముందుకొచ్చి, నడుము వంచి, కారు ముందరి జాలీ వెనకకు తల పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"సాబ్, గీ కొబ్బరికాయ మీదేనా?"

"ఏం కొబ్బరికాయ?"

"ముడుపు. తీస్కోండ్రి. గిది కాటాకెక్కదు. ఇనుముకు రేటుంది. దేవునికి నేనేం రేటు కడుత?"

వంగాను. పద్నాలుగేళ్లలో ఆ కారు ముందు నేను అట్లా వంగడం అదే మొదటిసారి.

జాలీకీ రేడియేటర్‌కీ మధ్య హారన్ బిగించిన ఇనుప పట్టీ ఉంది. దానికి ఒక కొబ్బరికాయ వేలాడుతోంది. ఒకప్పుడు పసుపు రంగు గుడ్డలో కట్టింది, ఇప్పుడు నల్లగా ఉంది. ఆ గుడ్డ విప్పారి రేడియేటర్‌కు అతుక్కుపోయింది. దాని మీద దసరాల పొరలు! ఏటా ఆయుధపూజ నాడు నేను దోపిన బంతిపూల దండలు ఎండి, పొడై, తడిసి, మళ్లీ ఎండి గట్టిపడ్డాయి. వేపాకులు. పత్తి వత్తులు. నీళ్లలో కలిపి చల్లిన పసుపు, కుంకుమ సిమెంటులాగా పట్టేశాయి. రేడియేటర్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. దేవుడి సన్నిధిలో ఒక పరుపు వేసినట్టుంది.

గాలి పోవడానికి వేలు పట్టేంత సందు లేదు. కారు పద్నాలుగేళ్లు ముక్కు మూసుకుని పరుగెత్తింది.

అప్పుడు అంతా గుర్తొచ్చింది. పాత కారు కొని ఇంటికి తెచ్చిన రోజున నా చేత్తోనే ఆ ముడుపు కట్టాను. "గుట్ట మీది నరసింహస్వామీ, ఈ కారు ఏడాదిపాటు దేన్నీ గుద్దకుండా తిరిగితే, ఈ కారులోనే నీ దగ్గరికొచ్చి ముడుపు అప్పజెబుతా." ఏడాది గడిచింది. కారు దేన్నీ గుద్దలేదు. గుద్దాలంటే ముందు కదలాలి కదా! మాట ప్రకారం బయల్దేరాం. ఉప్పల్ దగ్గర మరిగింది. తిరిగొచ్చాం. మళ్లీ ఒకసారి ఘట్‌కేసర్ దాకా పోయాం. ఇంకోసారి రామంతాపూర్ కూడా దాటలేదు. అయిదుసార్లు పోయి అయిదుసార్లు వెనక్కొచ్చాక, స్వామి ఇంకా పిలవలేదు అని మనసుకు చెప్పుకున్నాను. పిలుపు రాకుండా పోకూడదు కదా!

ముడుపు తీరక కారు మరిగింది. కారు మరగడం వల్ల ముడుపు తీరలేదు. ఈ ముడి వేసింది ఎవరో కాదు, నేనే.

మరి ఏటా దసరాకు పూజ చేస్తూ చూడలేదా అని మీరు అడుగుతారు. చూశాను. కాయను కప్పేసిన పాత పూలే కనిపించాయి, వాటి మీద ఇంకో దండ దోపాను. అది దేవుడిది, అడ్డం ఎట్లా అవుతుంది? ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. భక్తుడిననుకునేవాడికి ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియడం లేదు.

వెంటనే యూసుఫ్ భాయ్‌కి ఫోన్ చేశాను. "భాయ్, ముందర ఒక కొబ్బరికాయ ఉంది, చూడలేదా?"

"చూసిన సాబ్. ఎనిమిదేండ్ల సంది చూస్తనే ఉన్న."

"మరి చెప్పలేదేంది?"

"మీ మన్నత్ కద సాబ్! నేనెట్ల అంట, దేవుని సామాను తీయమని? నాకు అదబ్, మర్యాద ఉండొద్దా? పక్కకెళ్లి చెయ్యి పెట్టి పని చేసుకున్న. మోచెయ్యి గీసుకపోయింది గూడ."

సురేందర్‌కు చేశాను. అతను ఇంకా నిజాయితీగా చెప్పాడు. "అన్నా, ముట్టుకుంటే నాకేమన్న అయితదని భయపడ్డ. దండం పెట్టుకుని ఫ్యాన్ మార్చిన."

ఇప్పుడు నా అసలు గోడు వినండి. అబిడ్స్‌లో నాకు రోగం పేరు చెప్పినవాళ్లు రెండు వందల మంది ఉంటారు. ఒక్కరూ వంగి చూడలేదు. వంగి చూసినవాళ్లు ఇద్దరే. వాళ్లు దండం పెట్టి నోరు మూసుకున్నారు. మా గల్లీలోనూ అంతే. మురుగు మోరీ మూత విరిగితే, పిల్లలు పడకుండా ఎవరో మంచివాళ్లు దాని చుట్టూ ముగ్గు వేసి దీపం పెట్టారు. అప్పట్నుంచి మోరీ తీసేవాళ్లు వచ్చి, చెప్పులు విడిచి, దండం పెట్టి పోతున్నారు. మోరీ పొంగుతూనే ఉంది. దీపం కొండెక్కకుండా మేమే నూనె పోస్తున్నాం.

నేను వాళ్ల మీద కోపగించుకోబోయాను. ఏ హక్కుతో? నేను కూడా ఒక పటానికి అద్దం పగిలిందని తెలిసీ, అది దేవుడి పటం అని, గిరాకీకి చెప్పకుండా పూలదండతో కప్పి ఇచ్చాను.

సరే, ముడుపు దొరికింది. తీసేస్తే అయిపోయేది కదా? కాదు!

నేను చెయ్యి పెట్టగానే విద్యావతి మెట్ల మీద నుంచి లేచింది. "ఆగండి! ముడుపు స్వామి ముందటనే విప్పాలె. గీడ విప్పితే మొక్కు చెడిపోతది."

"విప్పకుండా కారు కదలదు."

"కారు కదలకుంటే స్వామి దగ్గరికెట్ల పోతం?"

"అదే కదా చెప్పేది!"

ఇద్దరం చిక్కులో పడ్డాం. నిత్యం పూజ చేసే ఇద్దరు మనుషులకు ఆ సమస్య అంతుపట్టలేదు. బబ్లూ చెవి మీది పెన్సిలుతో నుదురు గోక్కున్నాడు.

"అమ్మా, ముడి విప్పొద్దు. గంతే కద? పట్టీ విప్పుదాం. రెండు బోల్టులు. ముడుపు దానికే ఉంటది, ముడి గట్లనే ఉంటది."

విద్యావతి అతన్ని అట్లా చూస్తూ ఉండిపోయింది. ఆమె నన్ను అట్లా ఎప్పుడూ చూడలేదు.

బబ్లూ రెండు బోల్టులు తీశాడు. హారన్‌తో సహా, కొబ్బరికాయతో సహా పట్టీ చేతిలోకి వచ్చింది. ఎండిన పూలన్నీ విద్యావతి బకెట్లో ఎత్తి, చెత్తలో వేయకుండా మల్లెమొక్క కుండీలో పోసింది. నేను గొట్టంతో ముందు నుంచి నీళ్లు కొట్టబోతే బబ్లూ ఆపాడు. "ముందట్నుంచి కొడితే మట్టి ఇంక లోపటికి పోతది సాబ్. ఇంజను దిక్కునుంచి కొట్టాలె." కొట్టాడు. పద్నాలుగు దసరాలు పసుపు నీళ్లై గల్లీలోకి పారాయి. రేడియేటర్ వెలుగు చూసింది.

అప్పుడు విద్యావతి తీర్పు చెప్పింది. "ఇప్పుడే గుట్టకు పోదాం. ముల్లు సగం దాటిందంటే, కారు ఎక్కడ ఆగితే గాడనే బబ్లూకు ఇచ్చేస్త."

"అయితే నేను గూడ వస్త అమ్మా," అన్నాడు బబ్లూ. "నా బేరం నేను చూసుకోవాలె కద."

లోకంలో ఏ కారైనా పాత ఇనుము వ్యాపారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తీర్థయాత్ర చేసిందా? మాది చేసింది. విద్యావతి ఒళ్లో ఇనుప పట్టీ, దానికి కొబ్బరికాయ, పక్కన హారన్. వెనక బబ్లూ, నా భుజం మీదుగా ముల్లునే చూస్తూ. నేను నరసింహ నామం చేస్తూ స్టీరింగు పట్టుకున్నాను.

హారన్ లేకుండా హైదరాబాదులో కారు నడపడం అంటే ఏమిటో మీకు చెప్పాలా? నాంపల్లి దాటకుండానే ఒక ఆటో మీదికొచ్చింది. బబ్లూ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "జరుగు భాయ్, జరుగు! ముడుపు పోతుంది!"

ఆటోవాడు జరిగాడు. కోఠిలో సిటీ బస్సే జరిగింది. మామూలు హారన్‌కు ఏనాడూ జరగనివాళ్లు ముడుపు అనగానే దారిచ్చారు. ఇంకొకటి కూడా గమనించాను. ఒక్కరూ ఏం ముడుపు, ఎందుకు అని అడగలేదు.

ఉప్పల్ దాటాం. ముల్లు సగంలో ఉంది.

"ఎక్కుతది సాబ్, ఎక్కుతది," అన్నాడు బబ్లూ ఆశగా.

ఘట్‌కేసర్ దాటాం. ముల్లు సగంలోనే ఉంది. విద్యావతి కిటికీ అద్దం ఎత్తుకుంది. పద్నాలుగేళ్ల తర్వాత మొదటిసారి హీటర్ ఆపి ఏసీ వేశాను. చల్లటి గాలి వచ్చింది. అలవాటు లేక ముగ్గురం తుమ్మాం.

బీబీనగర్ దగ్గర బబ్లూ సీటు మీద వెనక్కి వాలాడు. "పోయింది నా బేరం," అన్నాడు. భువనగిరి కోట కనిపించేసరికి గురక పెడుతున్నాడు.

నాకు మాత్రం బేజారుగా ఉంది. దారిలో ఎక్కడా ఆగలేదు. ఎవరూ పలకరించలేదు. ఎవరూ వైద్యం చెప్పలేదు. పక్కన విద్యావతి ఉన్నా, నలభై కిలోమీటర్లు ఏం మాట్లాడాలో తోచలేదు. చల్లటి కారున్నవాళ్ల బతుకు ఇంతేనా అనుకున్నాను. ఇంతలో ఆమె ఒళ్లోని కొబ్బరికాయను ఆడించి చూసింది. లోపల ఎండిన కొబ్బరి గలగలమంది.

"పాపం, ఎండిపోయింది," అంది. "ఆయన ఏమంటడో!"

"ఆలస్యమైందని అంటాడు."

"మీరు సంజాయిషీ చెప్పకండి. మీరు నోరు తెరిస్తే చీర అంచు సంగతి వస్తది."

కారు కింద నిలిపి, బస్సెక్కి కొండ మీదికి పోయాం. లైన్లో సోదా చేసే అతను పట్టీ చూసి ఆపాడు.

"గిదేందమ్మా?"

"ముడుపు."

"గిది?"

"హారన్."

అతను ఒకసారి హారన్ చూశాడు, ఒకసారి మా మొహాలు చూశాడు. దండం పెట్టి పంపించాడు.

ముడుపులు అప్పజెప్పే చోట బబ్లూ పట్టీని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. నేను ముడి విప్పడానికి కూర్చున్నాను. నూనె, మసి, ఆవిరి తాగి ముడి రాయి అయిపోయింది. గోళ్లతో లాగాను. రాలేదు. విద్యావతి జడలో నుంచి పిన్ను తీసి ఇచ్చింది. ఒక్కొక్క పోగు పైకి లేపాను. వెనక లైనులో నలుగురు సలహాలివ్వడం మొదలుపెట్టారు. "నీళ్లు చల్లండి," "కత్తెర తేండి," "అట్ల కాదు, ఇట్ల." నేను ఎవరి మాటా వినలేదు. తల వంచుకుని ముడినే చూస్తూ లాగాను.

విడిపోయింది.

పట్టీ ఖాళీగా బబ్లూ చేతుల్లో మిగిలింది. "దీన్ని మాత్రం నాకియ్యిన్రి సాబ్," అన్నాడు మెల్లగా.

"హారన్ బిగించాలి కదయ్యా!" అంది విద్యావతి.

నల్లబడిన గుడ్డ విప్పి కాయను బయటికి తీశాను. పీచు బూడిద రంగులో ఉంది. రెండు చేతుల్లో పట్టుకుని స్వామి దిక్కు తిరిగాను. పద్నాలుగేళ్లుగా ఎక్కడికి ఆలస్యంగా పోయినా చెప్పే మాట ఒక్కటే కనుక అలవాటుగా నోట్లోకి వచ్చేసింది. "దారిలో కారు వేడెక్కింది స్వామీ," అనబోయాను.

ఆయనకు తెలియనిదా! నోరు మూసుకుని, ఎండిపోయిన ఆ కొబ్బరికాయను ఆయనకు అప్పజెప్పాను.